చెవితో నడిపే బండి

మంటకి మరీ దగ్గరగా జరక్కమ్మాయ్, శాలువా కొంగు చూసుకో. ఒరే నాన్నా, ఆ ఎండు కొమ్మలు రెండు వేసి నువ్వూ కూర్చో. మీరిద్దరూ ఎంజీ బండి కొన్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచీ ఎప్పుడెప్పుడు నోయిడా వస్తానా అని ఉంది నాకు. టీడీ మోడలట, 1951 నాటిదట. మీ మావయ్యా నేనూ నడిపింది కూడా టీడీయే. చెప్పాల్సింది చాలా ఉంది. వరసగా రాదు, గుర్తొచ్చినట్టు చెప్తాను.

నేను పెళ్లయి ఢిల్లీ వచ్చింది అరవైల్లో. అప్పుడు రోడ్డు మీద అంబాసిడర్లు, ఫియట్లు, మన మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డ్‌లు తప్ప వేరేవి కనబడ్డం అరుదు. విదేశీ కార్ల దిగుమతి యాభైల్లోనే దాదాపు ఆగిపోయింది. ఆ తర్వాత కొత్తగా బయటి బండి ఏదైనా కనబడిందంటే ఎంబసీ వాళ్లు తెచ్చుకున్నదే. వాళ్లు బదిలీ మీద వెళ్లిపోతూ వదిలేసినవి స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మకానికొచ్చేవి. ఆ ధరలు మనబోటి వాళ్లకి అందేవి కావు. మీ మావయ్యకి దొరికింది అంతకుముందే దేశంలోకి వచ్చిన బండి. సివిల్ లైన్స్‌లో ఓ పాత బంగళా షెడ్డులో టైర్లు నేలకి అతుక్కుపోయి, సీట్ల లోపల ఎలుకలు కాపరం పెట్టి ఉంది. గవర్నమెంటు జీతంలో అలాంటిదే వచ్చింది. జీపుకి తాడు కట్టి కశ్మీరీ గేటు దాకా లాక్కెళ్లారు. స్టీరింగ్ పట్టుకుని నేను కూర్చున్నాను.

కశ్మీరీ గేటు అప్పటికే మోటారు సామాన్ల బజారు. విభజనప్పుడు రావల్పిండి నుంచి వచ్చిన ఓ సర్దార్జీకి అక్కడ సందులో చిన్న షెడ్డుండేది. అందరూ ఉస్తాద్‌జీ అనేవాళ్లు. మా బండి రాగానే ఆయన బోనెట్ ఎత్తుతాడనుకున్నాం. ఎత్తలేదు. డ్రైవరు వైపు తలుపు సగం తెరిచి, అంచు పట్టుకుని పైకి లేపి చూశాడు. అరంగుళం లేచింది. "లకడీ గయీ" అన్నాడు. కర్ర పోయింది అని.

టీడీకి పైన కనబడేది రేకే గానీ, లోపల అస్థిపంజరమంతా కర్ర. ఇంగ్లండులో పెరిగే యాష్ అనే చెట్టు కర్రతో చట్రం కట్టి, దాని మీద రేకు తొడిగారు. అదంతా కింద ఉక్కు చాసిస్ మీద కూర్చుంటుంది. తలుపులు ముందు వైపు తెరుచుకుంటాయి, కీళ్లు వెనకాలుంటాయి. ఆ వెనక స్తంభం కుళ్లిందంటే తలుపు వాలుతుంది. నడుస్తుండగా గొళ్లెం ఊడిందా, గాలి తలుపుని వెనక్కి విసిరి కొడుతుంది. కాబట్టి రేపు మీరు చేయాల్సిన మొదటి పని అదే, తలుపు లేపి చూడండి. తర్వాత చాసిస్ కింద జాకీ పెట్టి ఒక పక్క లేపి, తలుపు చుట్టూ సందు మారుతోందేమో చూడండి. పైన మెరిసే రంగు చూసి ఏమీ చెప్పలేం. ఉస్తాద్‌జీ మాకు టేకుతో కొత్త స్తంభాలు చెక్కించాడు. చెక్కింది తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి, మోటార్ల పని ఎప్పుడూ చేయనివాడు. పాత కర్రముక్కని నమూనాగా పెట్టుకుని ఎంత పొందిగ్గా చేశాడో! మీకు కావాల్సింది అలాంటివాళ్లే. మీ బండిని మట్టి నేల మీద మాత్రం నిలపకండి, ఢిల్లీలో చెదలు తక్కువేం కాదు.

ఉస్తాద్‌జీ దగ్గర మేం నేర్చుకున్నదంతా ఒక్కటే, వినడం. తాళం తిప్పగానే సెల్ఫ్ లాగొద్దనేవాడు. తాళం తిప్పి ఊరుకుంటే, ఇంజనుకీ మనకీ మధ్యనున్న గోడ దగ్గర్నుంచి టిక్ టిక్ టిక్‌మని చప్పుడొస్తుంది. అది ఎస్‌యూ కంపెనీ కరెంటు పంపు, ట్యాంకు నుంచి పెట్రోలు లాగుతోందన్నమాట. కార్బొరేటర్ గిన్నెలు నిండగానే టిక్కు నెమ్మదించి ఆగిపోవాలి. అప్పుడు స్టార్ట్ చేయాలి. ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే సాధారణంగా రెండు కారణాలు, ట్యాంకులో పెట్రోలైనా లేదు, ఎక్కడో కారైనా పోతోంది. రెండోదైతే వెంటనే తాళం ఆపేసి బోనెట్ ఎత్తాలి. వేడి పైపుల దగ్గరికి పెట్రోలు చేరితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. సీటు పక్కన మంటలార్పే సిలిండరు చిన్నది ఒకటి బిగించుకోండి, ఈ వారంలోనే. అసలు టిక్కే రాకపోతే పంపు లోపల పాయింట్లు అంటుకుపోయాయన్నమాట. పానా వెనక వైపుతో పంపు ఒంటి మీద మెల్లగా తడితే చాలాసార్లు లేస్తుంది. ఇంటికి చేరాక పాయింట్లు శుభ్రం చేయించాలి.

పెట్రోలు మీటరు కోసం వెతికావా అమ్మాయ్? ఉండదు. ట్యాంకు అడుగుకి వచ్చినప్పుడు డాష్‌బోర్డులో చిన్న పచ్చ దీపం వెలుగుతుంది, అంతే. మేం ఓ కర్రపుల్ల మీద గీతలు పెట్టుకుని ట్యాంకులో ముంచి చూసుకునేవాళ్లం. వెనకున్న ఆ బల్లపరుపు ట్యాంకులో దాదాపు 57 లీటర్లు పడుతుంది. లీటరు లీటరు పోస్తూ గీతలు పెట్టుకోండి, ఒక పూట పని.

ఆ తర్వాత వినాల్సినవి టాపెట్లు, వాల్వుల్ని కదిలించేవి. మన ఇంజను, ఎక్స్‌పీఏజీ అంటారు, 1250 సీసీ. దానికి టాపెట్ల చప్పుడు పుట్టుకతో వచ్చింది. వేడి మీద వాల్వు దగ్గర సందు అంగుళంలో వెయ్యింట 19 వంతులుండాలి. తర్వాత్తర్వాత చేసిన ఇంజన్లకి 12కి తగ్గించారు. మీ ఇంజను నంబరు చూసి ఏదో తేల్చుకోండి. 1951ది కాబట్టి 19 అయ్యుండొచ్చు. తెలియని మెకానిక్ ఆ చప్పుడు విని బిగించేస్తాడు. బిగించనివ్వకండి, వాల్వు కాలిపోతుంది. ఇంకో సంగతి, ఎవరూ ముట్టుకోకుండానే నెలనెలకీ ఆ చప్పుడు తగ్గుతూ వస్తోందంటే అది బాగుపడ్డం కాదు. వాల్వులు తమ గూళ్లలోకి అరిగి దిగిపోతున్నాయని గుర్తు. మా రోజుల్లో పెట్రోల్లో సీసం కలిపేవారు. ఆ సీసం వాల్వు గూడు మీద పూతలా పట్టి అరక్కుండా కాపాడేది. 1998 సెప్టెంబరులో ఢిల్లీలో సీసం పెట్రోలు ఆపేశారు. 2000 ఫిబ్రవరి కల్లా దేశమంతా ఆగింది. పసిపిల్లల ఒంట్లోకి ఆ విషం పోకుండా ఆపడం చాలా మంచి పని, ఏ బండి కోసమూ దాన్ని వెనక్కి తేనక్కర్లేదు. ఇంజను తల ఎప్పుడు విప్పినా గట్టి లోహంతో వాల్వు గూళ్లు వేయించేయండి, సరిపోతుంది.

ఇప్పటి పెట్రోలుతో వేరే చిక్కు. 20 శాతం ఇథనాల్ కలిపినదే బంకుల్లో దొరుకుతోంది. అది పాత రబ్బరుని మెత్తబెట్టి తినేస్తుంది, గాల్లో తేమ పీల్చుకుంటుంది. మీ బండిలో పెట్రోలు పైపులన్నీ, కార్బొరేటర్ వాషర్లన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించండి. పాతవి పైకి బాగానే కనబడతాయి, వేలితో నొక్కితే పగుళ్లు బయటపడతాయి. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకండి, ముఖ్యంగా వానల్లో. మన ఇంజనుకి కంప్రెషన్ తక్కువ, 7.25 మాత్రమే, కాబట్టి ఎక్కువ ఆక్టేన్ దానికి అవసరం లేదు. ఖరీదైన పెట్రోలు కొనాలనుకుంటే ఇథనాల్ లేదని అడిగి తెలుసుకుని ఆ కారణానికి కొనండి.

ఆ రెండు కార్బొరేటర్ల నెత్తిన ఇత్తడి టోపీల్లాంటివి ఉన్నాయి చూశావా నాన్నా? వాటిని విప్పి, పలచటి నూనె కొంచెం పోయాలి. చాలామంది మర్చిపోతారు. నూనె లేకపోతే యాక్సిలరేటర్ నొక్కగానే బండి దగ్గుతుంది. లోపల పిస్టన్ ఉంటుంది, దాన్ని వేలితో లేపి వదిలితే టక్కుమని కింద పడాలి. ఆ చప్పుడు రాకపోతే లోపల మురికి పట్టిందన్నమాట, గుడ్డతో తుడవాలి, గరుకు కాయితం పెట్టి రుద్దకూడదు. ఉస్తాద్‌జీ రబ్బరు గొట్టం ఒకటి తెచ్చి, ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఒక కార్బొరేటర్ నోటి దగ్గరా తర్వాత రెండోదాని దగ్గరా పెట్టి గాలి పీల్చే చప్పుడు వినేవాడు. రెండూ ఒకే శ్రుతిలో ఉండాలి. మీ మావయ్య చిన్నప్పుడు కాకినాడలో వీణ నేర్చుకున్నాడు, ఆయనకి ఈ పని ఒక్క పూటలో పట్టుబడింది. తర్వాత నాకు నేర్పాడు. ఇప్పుడు దానికి మీటర్లున్నాయి, వాడుకోండి. చెవితోనూ వినండి.

ఎండాకాలం సంగతి చెప్పనే లేదు. మే నెలలో ఐటీఓ కూడలి దగ్గర సిగ్నల్ పడిందంటే, బోనెట్ కింద వేడికి గొట్టాల్లో పెట్రోలు ఆవిరైపోయి ఇంజను ఆగిపోయేది. వెనక బస్సుల హారన్లు. నేను దిగి, సీసాలో నీళ్లతో పాత చీర ముక్క తడిపి పంపు మీదా గొట్టం మీదా కప్పి, కాసేపు ఆగి స్టార్ట్ చేసేదాన్ని. అసలు మాట చెప్పనా? ఎండాకాలం పగటిపూట దాన్ని బయటికి తీయకండి. తెల్లవారుజామున తీయండి. రేడియేటర్ని మాత్రం విప్పించి లోపలి గొట్టాలన్నీ శుభ్రం చేయించండి, అందులో ఉప్పునీళ్ల పెచ్చులు డెబ్భై ఏళ్లవి ఉంటాయి.

కరెంటు దగ్గర ఒక్క జాగ్రత్త. ఈ బండ్లకి బ్యాటరీ ప్లస్ వైరు చాసిస్‌కి వెళ్తుంది. ఇప్పటి బండ్లన్నింటికీ మైనస్ వెళ్తుంది. వీధి చివర కుర్రాడు అలవాటు కొద్దీ తిరగేసి బిగించేస్తాడు. పెద్ద ఎర్రక్షరాలతో బ్యాటరీ దగ్గర చీటీ అతికించండి, హిందీలోనూ రాయించండి. పానాలూ అంతే. మన ఇంజను బోల్టుల మరలు మెట్రిక్ కొలత, తలలు మాత్రం విట్‌వర్త్ కొలత. మామూలు మెట్రిక్ పానా పెడితే కాస్త వదులుగా పట్టి తల గుండ్రంగా అరగదీస్తుంది. విట్‌వర్త్ పానాల సెట్టు మీ సొంతానికి కొనుక్కుని, షెడ్డుకి వెళ్లినప్పుడల్లా మీ వెంటే పట్టుకెళ్లండి. ఆయిలు 20-50 రకమే పోయండి, కొత్త కార్లకి పోసే పలచటి ఆయిళ్లు వద్దు. ఆయిలు మార్చాక ఈ ఇంజను పంపు ఒక్కోసారి కొత్త ఆయిలు అందుకోదు. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా రేజ్ చేయొద్దు. లేవకపోతే వెంటనే ఆపేయాలి.

టాపు సంగతి నీకు అమ్మాయ్, ఎందుకంటే మా ఇంట్లో అది నేనే చూసుకున్నాను. తడి గుడ్డని మడవకూడదు, పూర్తిగా ఆరనివ్వాలి. చలిలో వెనక ప్లాస్టిక్ కిటికీ పెళుసుగా ఉంటుంది, మడిస్తే పుటుక్కుమంటుంది. ఎండలో కాసేపు పెట్టి, మధ్యలో మెత్తటి తుండుగుడ్డ వేసి మడవాలి. టాపు వేసుకున్నా పక్కలకి అద్దాలుండవు, విడిగా తగిలించే తెరలే. జూన్లో ఆంధీ, అదే దుమ్ము తుఫాను, లేచిందంటే ఇసుకంతా కళ్లలోకే. అలాంటప్పుడు రోడ్డు పక్కన ఆపి తల దించుకుని కూర్చోవడమే. మేం సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉండగా కోతులు వచ్చి గుడ్డ చింపేశాయి. అప్పట్నుంచీ మందపాటి తార్పాలిన్ కప్పి తాడుతో కట్టేవాళ్లం.

ఇక కాగితాలు. ఒరే, దీని దగ్గర కొంచెం గట్టిగానే చెప్తాను, ఎందుకంటే బండిని బాగు చేసుకోవచ్చు గానీ కాగితం పాడైతే ఏళ్లు తిరగాలి. ఢిల్లీ, నోయిడా, గుర్గావ్, ఈ ప్రాంతమంతటా 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండి తిరక్కూడదని 2014లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. పాత బండి ప్రేమికులందరూ అప్పుడు ఎంత కంగారు పడ్డారో నాకు తెలుసు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకి విడిగా నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి, అసలు రూపంలో ఉండాలి, చాసిస్సూ బాడీ ఇంజనూ పెద్దగా మార్చి ఉండకూడదు. కొత్తగా రిజిస్టర్ చేస్తే నంబర్లో 'వీఏ' అని వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. ముందే రిజిస్టరై ఉంటే పాత నంబరే ఉంచుకోవచ్చు. మూడక్షరాల ఆ పాత నంబరు మీ బండికుంటే వదులుకోకండి, ఎంత అందంగా ఉంటుందో.

అలా నమోదైన బండిని రోజూ ఆఫీసుకి వేసుకెళ్లకూడదు. ప్రదర్శనకీ, ర్యాలీకీ, పెట్రోలు పోయించుకోవడానికీ, మరమ్మతుకీ రోడ్డెక్కొచ్చు. శీతాకాలంలో కాలుష్యం పెరిగి గ్రాప్ అనే ఆంక్షల్లో మూడో దశ పెట్టారంటే ఇంకా జాగ్రత్త. ర్యాలీల కాలమూ పొగమంచు కాలమూ ఒకటే ఇక్కడ, కాబట్టి ఆ పూట వార్త చూసుకుని బయల్దేరండి. చాసిస్ ముందు భాగంలో గుద్దిన నంబరూ, ఇంజను మీద ఇత్తడి పలక నంబరూ, ఆర్సీలో ఉన్నవీ ఒకటేనా? రేపే తుడిచి ఫోటో తీసి పెట్టుకోండి. మన దేశంలో ఇలాంటి బండ్లలో అంబాసిడర్ ఇంజను పెట్టేసినవి చాలా చూశాను. పాపం విడిభాగాలు దొరక్క పెట్టుకున్నారు, వాళ్లనేం అనలేం. కానీ ఇవాళ నియమం ముందు ఆ బండి నిలబడ్డం కష్టం. హెరాల్డ్ టాపు బోల్టులు విప్పి కన్వర్టిబుల్ అని అమ్మేవాళ్లూ ఉన్నారు, మీ స్నేహితులెవరైనా కొంటుంటే చెప్పండి. అన్నట్టు టీడీల నంబర్లు 0251 నుంచి మొదలవుతాయి. ఆబింగ్‌డన్‌లో ఎంజీ ఫ్యాక్టరీ టెలిఫోన్ నంబరు 251 అట, అక్కడినుంచే లెక్క పెట్టేవారు. మీ మావయ్యకి ఈ సంగతి చెప్పడమంటే ఎంతిష్టమో. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. 2019 నుంచి ఇక్కడ ఎంజీ పేరుతో ఉన్న షోరూముల్లో మన బండికి ఏమీ దొరకదు. ఇంగ్లండులో మాత్రం ఈ మోడల్‌కి విడిభాగాలు ఇంకా చేస్తున్నారు. దాదాపు 30,000 టీడీలు తయారయ్యాయి కాబట్టి గిరాకీ ఉంది.

కశ్మీరీ గేటు ఉస్తాద్‌జీ పోయి చాలాకాలమైంది. పిల్లలు వేరే వ్యాపారాల్లోకి వెళ్లారు. ఆయన చేతిలో ఉన్న విద్య కాగితం మీద ఎక్కడా లేదు. అందుకే మీకు గట్టిగా చెప్పేది, కంప్యూటర్ పెట్టకుండా ఇంజను వినగల మనిషి ఎక్కడున్నా వెతుక్కోండి. కరోల్ బాగ్‌లో అడగండి, ఘజియాబాద్‌లో అడగండి, గుర్గావ్ అవతల తావడూలో హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం ఉంది, వెళ్లి అక్కడ పాత బండ్ల పని ఎవరు చేస్తారో కనుక్కోండి. దొరికాక ఆయనతో బేరాలాడకండి. పని జరుగుతున్నంతసేపూ పక్కన కూర్చోండి, టీ తెప్పించండి, పానా అందించండి. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడికి వర్క్‌షాప్ మాన్యువల్ ఫోటోకాపీ ఒకటి ఇవ్వండి. ఆ కుర్రాడే రేపు మీ బండిని బతికించేది.

నడపడం మానొద్దు. నిలబడ్డ బండికి రబ్బర్లు ఎండిపోతాయి, బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి. ఇంట్లో నిలబెట్టి పది నిమిషాలు ఇంజను తిప్పితే చాలనుకోవద్దు, ఆయిలు సరిగ్గా వేడెక్కక లోపల తేమ మిగిలిపోతుంది. పెట్రోలు బంకు దాకా వెళ్లినా సరే, బాగా వేడెక్కేలా నడిపి రండి.

స్టేట్స్‌మన్ ర్యాలీ పేరు విన్నావా అమ్మాయ్? 1964లో మొదలైంది. అందులో ఓ ఎర్ర ఫైరింజన్ వస్తుంది, చాణక్యపురి రైల్ మ్యూజియం వాళ్లది. ఇంగ్లండులో జాన్ మారిస్ కంపెనీ చేసింది, 1914ది. అది నిజాం స్టేట్ రైల్వే కొన్న బండి! పైకప్పు లేకుండా, ఇత్తడి గంటతో అది వస్తుంటే, జనంలో నిలబడి "అది మా సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చింది" అని మీ మావయ్య పక్కవాళ్లకి చెప్పేవాడు. నూరేళ్లు దాటిన బండి ఇంకా నడుస్తోందంటే, దాన్ని ముట్టుకున్న ప్రతి మేస్త్రీనీ తల్చుకోవాలి.

మీ బండి మీరు ర్యాలీకి పెట్టాలి. పెట్టే ముందు బ్రేకులు. దానికి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, ఒకే గొట్టం నుంచి నాలుగింటికీ నూనె పోతుంది. ఒక చోట కారిందా, నాలుగూ పోయినట్టే. ఇక చేతిలో ఉండేది హ్యాండ్‌బ్రేకే. అదీ మామూలుది కాదు. లాగి బొత్తాం నొక్కితే పడుతుంది, ఇంకాస్త లాగి వదిలితే విడిపోతుంది. ఇద్దరూ ఖాళీ చోట సాధన చేయండి. నోయిడా ఎక్స్‌ప్రెస్‌వే మీద ముందు బండికి చాలా దూరంగా ఉండండి. మా బండికి ఇండికేటర్లు లేవు, చేత్తో సైగ చేసేవాళ్లం. ఇప్పుడు ఆ సైగ ఎవరికీ అర్థం కాదు, అసలు రూపు చెడకుండా ఊడదీయగలిగే లైట్లు వెనక పెట్టించుకోండి. బ్యాటరీ దిగిపోతే ముందు నుంచి హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయొచ్చు, నేను ఎన్నోసార్లు చేశాను. బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచి పట్టుకోవాలి, హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టకూడదు. ఇంజను వెనక్కి తన్నితే వేలు విరుగుతుంది. కింద నుంచి పైకి లాగాలి, పైనుంచి కిందకి తొయ్యకూడదు.

పండగ వెళ్లాక కనుమ మర్నాడు చక్రాలు విప్పుదాం. నాన్నా, నువ్వు జాకీతో పాటు కింద పెట్టే స్టాండ్లు నాలుగు తీసుకురా. అమ్మాయ్, మీకు తెలిసిన మెకానిక్ కుర్రాణ్ణి ఎవరినైనా పొద్దున్నే రమ్మను. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మొదట వెనక చక్రాల సిలిండర్లు చూద్దాం, కారేది సాధారణంగా అక్కడే.